శాలువా కప్పాక రాని మాట

నిజామాబాద్‌లో ఉదయం ఆరున్నరకు బండి ఎక్కాం, నేనూ, నా దగ్గర పరిశోధన చేస్తున్న స్వప్నా. నాందేడ్‌లో ఒక విశ్వవిద్యాలయంవారి సెమినార్. విషయం సైద్ధాంతిక కంప్యూటర్ శాస్త్రం. పటంలో రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారిని త్వరగా వెతికే పద్ధతి ఒకటి మేమిద్దరం తయారు చేశాం. అది ఎప్పుడూ సరైన జవాబే ఇస్తుందన్న రుజువును నేను వినిపించాలి. స్వప్న థీసిస్ అంతా దాని మీదే. పట్టా వచ్చాక ఆమె ఉద్యోగం అడగాలనుకుంటున్న ఆచార్యుడూ ఆ సభకే వస్తున్నాడు.

జనరల్ పెట్టె. బాసరలో జనం దిగాక సీట్లు దొరికాయి. ఎదుటి ముసలాయన ముద్ఖేడ్ పోతున్నాడట.

"ఏం సదువు చెప్తరు సారూ?"

కంప్యూటర్ అన్నాను. వెంటనే ఫోన్ నా చేతిలో పెట్టాడు. "మనుమడు ఏందో ఒత్తిండు. అంత ఇంగ్లీషే అచ్చింది. జర మరాఠీ చేయిండ్రి."

కాసేపు తడుముకుని స్వప్నకిచ్చాను. ఆమె చిటికెలో చేసిచ్చింది. "సారు కన్న పిల్లనే నయం," అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను కానీ లోపల ముల్లు గుచ్చుకుంది.

ఉమ్రి దాటాక స్వప్న గొంతు తగ్గించి అంది: "సార్, రాత్రి మల్ల చూసిన. రెండు తొవ్వల దూరం సమానమైతే మన రుజువు నడుస్తలేదు."

ఆమె కాగితాలు చూశాను. నిజమే. దారుల దూరాలన్నీ వేరువేరుగా ఉంటాయనుకుని ఆ భాగం రాసింది నేనే.

"ఈ ఒక్క రోజు ఆ సంగతి ఎత్తకు. ఇంటికి పోయినంక చూద్దాం," అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది. నాకు కాలు నిలవలేదు. ముద్ఖేడ్‌లో దిగి చాయ్ కొన్నాను. సగం ఒలకబోసుకుని మళ్లీ ఎక్కాను.

నాందేడ్ స్టేషన్ బయట ఆటోవాళ్లు అందరినీ "గురుద్వారా చల్నా, సాబ్?" అనే అడుగుతారు. యూనివర్సిటీ అని గట్టిగా చెప్పాలి. ఊరి బయట ఉంది, కాస్త ముందే బయలుదేరండి. అక్కడ వేడి పోహా, అంటే అటుకుల ఉప్మా, పెట్టారు. ప్లేటు పక్కన పెట్టేశాను.

అక్కడి పద్ధతిలో సత్కారం ముందు, ఉపన్యాసం తర్వాత. శాలువా కప్పి, కొబ్బరికాయ చేతికిచ్చి, మాది ఎదురులేని రుజువని మరాఠీలో పొగిడారు. చప్పట్లు మోగాయి. ఇంకా ఒక్క మాటా మాట్లాడకుండానే మర్యాద అందిపోయింది. దాన్ని భుజాన వేసుకుని "రుజువులో లోపముంది" అనడానికి నోరు రాలేదు. ఆ భాగం గబగబా దాటేశాను.

దెగ్లూర్ కాలేజీ అధ్యాపకుడు మాధవరావు లేచి తెలుగులోనే అడిగాడు. "సార్, రెండు తొవ్వలు సమానమైతే ఎట్ల?"

"ఆ భాగం మా స్వప్న రాసింది. చిన్న పొరపాటు. సరిచేస్తుంది," అన్నాను.

ముందు వరుసలో ఉన్న ఆచార్యుడితో సహా తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. స్వప్న లేచి, "చేస్త సార్," అని కూర్చుంది.

భోజనంలో జొన్నరొట్టె, శనగపిండితో చేసే పిఠ్ల. మాధవరావు ఆమె పక్కన చేరి, "ఏంది చెల్లె, సార్‌ను ఆగం చేస్తివి గద!" అని పరాచికమాడాడు. ఆమె రొట్టె తుంచుతూనే ఉంది, తినలేదు. ఆచార్యుడు పలకరించకుండానే వెళ్లి వేరే బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను లేచాను, కూర్చున్నాను, చెయ్యి కడుక్కోకుండానే వరండాలో తిరిగాను.

ముగింపు సభలో మైకు అడిగాను. "పొరపాటు నాది. దాన్ని పట్టుకున్నది స్వప్న. పొద్దున రైల్లోనే నాకు చెప్పింది. దాచమన్నది నేను. మా వ్యాసాన్ని సెమినార్ సంచికలోంచి తీసేయండి."

నిర్వాహకుడు నొచ్చుకుని, "అహో సర్, అసూ ద్యా," పోనీలెండి అన్నాడు. ఆచార్యుడు మాత్రం స్వప్న దగ్గరికి నడిచి, ఆ లోపం ఎక్కడో చూపమన్నాడు. ఆమె చూపింది. ఉద్యోగం మాటేదీ రాలేదు.

సాయంత్రం బండిలో కిటికీ పక్క సీటు దొరికినా కుదురుగా కూర్చోలేకపోయాను. నాందేడ్ ఒక్కరోజులో చూసి రాగల ఊరే. నేను సభా మందిరం తప్ప ఏమీ చూడలేదు.

ధర్మాబాద్‌లో స్వప్న నోరు విప్పింది. "మంచిగ చెప్పిండ్రు సార్. గని అందరు నన్ను చూసినంక చెప్పిండ్రు."

"తప్పే," అన్నాను.

"వచ్చే సెమినార్‌ల నేనే మాట్లాడ్త. ప్రశ్నలడిగితే మీరు లేవద్దు."

"లేవను."

నమ్మినట్టు లేదు. కాగితాలు ఒళ్లో పెట్టుకుని, సమానమైన రెండు దారుల దగ్గర మళ్లీ మొదలుపెట్టింది.