పురుగు పట్టకముందే

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, తూంకుంటలోని మా అపార్ట్‌మెంటు బాల్కనీలో కునుకు తీస్తుంటే ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. పంపినవాడు మా పాత సంఘానికి ఇప్పుడున్న కుర్ర పాస్టరు. సంఘం చరిత్ర మీద ఒక ప్రత్యేక సంచిక వేస్తున్నారట. "అంకుల్, పాత బీరువాలో దొరికింది. ఈ ముసలమ్మ ఎవరో మీకు తెలుసా? మన సేవా కార్యక్రమాల పేజీలో వేస్తున్నాం" అని కింద రాశాడు. కళ్లజోడు కోసం లేచాను గానీ దాని అవసరం లేకుండానే తెలిసిపోయింది. తెల్ల చీర, నెత్తి మీద కొంగు, ముందుకు చాచిన రెండు చేతులు. ఆ చేతుల్లో ఎవరో పెద్దమనిషి బియ్యం సంచి పెడుతున్నాడు. పెద్దమనిషి చూపు కెమెరా మీద ఉంది. ఆమె మాత్రం పక్కకు చూస్తోంది. ఆమె చూస్తున్న చోట, ఫొటోలో పడకుండా, చేతిలో కాగితం పట్టుకుని నిలబడినవాణ్ని నేనే. ఆమె మా మేనత్త.

మా నాయినకు చెల్లెలు. పెళ్లయిన నాలుగేళ్లకే భర్త పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటి వాడకే తిరిగొచ్చి, మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక గది వేసుకుని ఉండిపోయింది. ఒకరి మీద పడి తినడం ఆమెకు గిట్టదు. మేడ్చల్ నుంచి గౌడవెల్లి పోయే దారి పొడుగునా అప్పట్లో ద్రాక్షతోటలు ఉండేవి. ఇప్పుడా దారిలో పోతూ ఆ మాట చెబితే కారు నడిపే అబ్బాయి నావైపు జాలిగా చూస్తాడు. ఆ తోటల్లో ఒకదానికి ఆమె ఇరవై ఏళ్లకు పైగా కూలికి పోయింది. పందిరి కింద మెడ పైకెత్తి, చిన్న కత్తెరతో గుత్తుల్లో కాయలు పలచన చేయడం ఆమె పని. అందుకే కాబోలు, రోడ్డు మీద నడిచేటప్పుడు కూడా ఆమె చూపు పైకే ఉండేది. తీగలకు కొట్టే మైలుతుత్తం నీలం గోళ్ల సందుల్లో ఇంకిపోయి ఎంత తోమినా వదిలేది కాదు. ఈస్టరు ముందు ఆ తోట పటేలు ఒక గంపెడు కాయలు మా గుడికని ఆమె నెత్తికెత్తి పంపేవాడు. "పుల్లగున్నయే, మీ దేవునికి నడుస్తదా?" అని అడిగేవాడట. "మా దేవుడు సిలువ మీద పుల్లటి సిర్కనే తాగిండు పటేలా, గివెంత!" అనేదట ఈవిడ. ప్రభువు బల్లకు, అంటే గుడిలో అందరం రొట్టె, రసం పుచ్చుకునే ఆరాధనకు, ఆ కాయలతో రసం చేసేదీ ఆమే. చక్కెర దండిగా వేసేది. మా వాడ పిల్లలకు అంత భక్తి ఉండడానికి కారణం ఆ చక్కెరేనని మా నాయిన అనేవాడు.

గుడి అంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల షెడ్డు, ఇరవై కుటుంబాలు, ఒక డప్పు, వారానికోసారి సైకిలు మీద వచ్చే పాస్టరుగారు. ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉండేది, మా సంఘాల్లో చాలాచోట్ల ఉన్నదే. పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేయాలి. వారంలో చేరినవి ఆదివారం కొంగున కట్టుకొచ్చి గుడి మూలనున్న రేకు డబ్బాలో పోయాలి. కొన్నిచోట్ల ఆ బియ్యం పాస్టరుగారి ఇంటికి పోతాయి, కొన్నిచోట్ల వేలం వేస్తారు. మా దగ్గర ఆ డబ్బా మూత మీద పెత్తనమంతా మా మేనత్తదే. ఆ పదవి ఆమెకు ఎవరూ ఇవ్వలేదు, తీసేసే ధైర్యమూ ఎవరికీ లేదు.

తెల్లవారి తోటకు పోతూ ఆమె ఇళ్ల కప్పుల మీదికి చూస్తూ నడిచేది. అందరివీ కట్టెల పొయ్యిలే. ఏ ఇంటి మీద పొగ లేదో గుర్తుపెట్టుకునేది. మర్నాడు కూడా పొగ లేకపోతే, సాయంత్రం తోట నుంచి వస్తూ గుడిలో ఆగి, సంచిలో బియ్యం పోసుకుని ఆ గడప ముందుకు పోయేది. వాళ్లు ఏ కులమో, ఏ దేవుణ్ని మొక్కుతారో ఆమెకు పట్టేది కాదు. ఇచ్చే తీరు మాత్రం విచిత్రంగా ఉండేది. "గుడిల బియ్యం మస్తు జమైనయే. పురుగు వడ్తున్నయ్. పారేస్తే పాపం గదా, జర నువ్వన్న వండుకో" అని బతిమాలేది. తీసుకునేవాళ్లు ఆమెకేదో ఉపకారం చేస్తున్నట్టు తీసుకునేవారు. దాంతో మా బియ్యానికి ఊరంతా ఒక పేరొచ్చింది. కిరస్తానోళ్ల డబ్బాకు పురుగు ఎక్కువని కిరాణా కొట్టు దగ్గర చెప్పుకునేవాళ్లు. నాకు నామోషీగా ఉండేది. ఒకసారి ఉండబట్టలేక, "మంచి బియ్యానికి పురుగు వట్టిందని ఎందుకు జెప్తవ్ అత్తా?" అని అడిగాను. "మంచియని జెప్తే ఎవలు దీస్కుంటర్రా?" అంది. నేను అప్పటికే టీచరు ట్రైనింగు చేసినవాణ్ని. ఆమె చెప్పింది నాకు ఎక్కలేదు.

ఆమె పక్కింట్లో సైకిళ్లకు పంక్చర్లు వేసే ముస్లిం కుటుంబం ఉండేది. ఒక వానాకాలం ఆయనకు పచ్చకామెర్లు వచ్చి మూడు నెలలు మంచం దిగలేదు. ఆ మూడు నెలలూ మా బియ్యానికి పురుగు పట్టడమే పట్టడం. ఆ ఇల్లాలు గడుసుది. బియ్యం చాటలో పోసి, వేలితో అటూ ఇటూ నెరిపి, "అవ్వా, గిండ్ల పురుగు యాడుంది? పరేషాన్ అయితున్న, ఒక్కటి గూడ దొర్కలే" అనేది. "గుడ్డిదానివా ఏందే, సరిగ్గ సూడు" అని మా మేనత్త కసురుకునేది. తర్వాత ఇద్దరూ గోడకానుకుని నవ్వుకునేవాళ్లు.

రెండు వేల సంవత్సరం దాటాక తోటలు ఒక్కొక్కటే నరికేశారు. పందిళ్ల రాతి కడీలు పీకి, ఆ పొలాల్లోనే ప్లాట్లకు హద్దురాళ్లుగా పాతారు. మా మేనత్త తోట కూడా పోయింది. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. ఇళ్లు కట్టేచోట ఇటుకలు మోయబోతే ముసల్దానివని వెనక్కి పంపారు. అయినా ఆదివారం కొంగుముడి తప్పలేదు. ముడి చిన్నదైంది, అంతే. నేను అది చూశాను. చూసి ఊరుకున్నాను. అప్పుడు నేను శామీర్‌పేట దగ్గర సర్కారు బడిలో పంతులును, పైగా సంఘ కార్యదర్శిని. కొత్త కాలనీల నుంచి ప్యాంట్లు టక్ చేసుకున్న కుటుంబాలు సంఘంలో చేరుతున్నాయి. బైబిలు కాలేజీలో చదివిన కొత్త పాస్టరు వచ్చాడు. నగరం నుంచి కొందరు దాతలు కూడా రావడం మొదలైంది. వాళ్లు షెడ్డు చూసి, డబ్బా చూసి, "బాగుంది, కానీ ముందు మీ సంఘం మిషన్ ఏమిటో ఒక్క వాక్యంలో రాసివ్వండి" అన్నారు. అంతవరకూ మాకు మిషన్ అంటే కుట్టు మిషనే.

ఆ వాక్యం కోసం ఒక శనివారం అందరం చాపల మీద కూర్చున్నాం. "మన సంఘం అసలు ఎందుకున్నది? ఒక్కొక్కరూ చెప్పండి" అన్నాడు పాస్టరు. డప్పు కొట్టే తాత, "సచ్చినంక మోసెటోళ్లు నల్గురు గావాలె గదయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. మా మేనత్త వంతు వచ్చింది. "పొద్దుగాల పొగ రాని ఇల్లు సూసుడు. ఇంకేంది?" అంది. దానికీ నవ్వారు. నేనూ నవ్వాను. పాస్టరు మర్యాదగానే, "అది మనం చేసే పని అమ్మా, మిషన్ అంటే ఇంకా పెద్దది" అన్నాడు. ఆ పెద్దదాన్ని రాసింది నేను. "నిరుపేదలను గుర్తించి, ఆదరించి, ఆత్మీయంగా బలపరచుట." నాలుగుసార్లు కొట్టేసి రాసిన వాక్యం. దాన్ని గుడి గోడ మీద నీలం రంగుతో రాయిస్తే, వారం రోజులు పోతూ వస్తూ స్కూటరు ఆపి చూసుకున్నాను.

గుర్తించుట అని రాశాక గుర్తించాలి కదా. దాతలు ఫలానా ఆదివారం వస్తామన్నారు. సంచులు, దుప్పట్లు, ఫొటోగ్రాఫరు వాళ్లవి. బియ్యం మా డబ్బాలోవి. ముప్పై మంది పేదల లిస్టు కావాలి. నేను కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. పొగ రాని ఇళ్లు ఉన్నాయి గానీ పేరు రాయించుకునే మనిషి లేడు. పంక్చరాయన భార్య వాకిట్లోనే నన్ను ఆపేసింది. "పురుగు బియ్యమైతే తీస్కుంటుంటి సారూ. ఫొటో బియ్యం వద్దు" అంది. కోపమొచ్చింది నాకు. ఇంత చేస్తుంటే ఈ పొగరేమిటి అనుకున్నాను. లిస్టు ఎలాగూ నింపాలి కాబట్టి మా సంఘంలోని వితంతువుల పేర్లు, కూలికి పోయే ఆడవాళ్ల పేర్లే రాయడం మొదలుపెట్టాను. వారం వారం పిడికెడు తెచ్చేవాళ్ల పేర్లే తీసుకునేవాళ్ల పేర్లయ్యాయి. ముప్పయ్యో గీత మీద మా మేనత్త పేరు రాశాను. తోట పోయింది, నిజంగానే గడవడం లేదు, ఇందులో అబద్ధమేముంది అని సమాధానపడ్డాను. ఆమెకు మాత్రం చెప్పలేదు. "ఆదివారం జల్దీ రా అత్తా, పనుంది" అన్నాను.

పంచడానికి పిలిచాననుకుంది. తెల్లవారకముందే వచ్చి గుడి ఊడ్చింది. ఉతికిన తెల్లచీర కట్టుకుంది. డబ్బా మూత తీసి, ముప్పై సంచుల్లోకి శేరుతో తానే కొలిచి పోసింది. ఒక్కో సంచికీ మూతి బిగించి కట్టింది. దాతలు వచ్చారు, దండలు పడ్డాయి, ప్రార్థన అయింది. నేను లిస్టు చదవడం మొదలుపెట్టాను. ఆమె బల్ల పక్కన నిలబడి ఒక్కో సంచీ అందిస్తోంది. ఇరవై తొమ్మిది పేర్లు అయ్యాయి. ముప్పయ్యోది చదివేటప్పుడు నా గొంతు ఎక్కడా తడబడలేదు. అది నాకు బాగా గుర్తు. ఆమె చివరి సంచి అందించడానికి చేయి చాచి ఉంది. ఫొటోగ్రాఫరు, "అమ్మా, ఇటు తిరుగు, ఈ పక్కకు రా" అన్నాడు. ఆమె చేతిలోని సంచి దాతల పెద్దమనిషి చేతిలోకి పోయి, మళ్లీ ఆమె చేతిలోకి వచ్చింది. అప్పుడు చూసింది నావైపు. ఫొటోలో ఉన్నది ఆ చూపే.

అందరూ బిర్యానీ తింటుండగా ఆమె ఆ సంచి విప్పి బియ్యం డబ్బాలో పోసేసింది. ఖాళీ సంచి నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చింది. "వెట్టుకో బిడ్డా. మల్ల ఎవలికన్న ఫొటోకు అక్కరకొస్తది" అంది. కొట్టినా బాగుండేది. తర్వాతి ఆదివారం కొంగుముడి లేకుండా వచ్చి వెనక కూర్చుంది. బియ్యం తేలేదేమని అడిగాను. "లిస్టుల పేరున్నోళ్లు ఇస్తరా?" అంది. ఆ తర్వాత రావడమే మానేసింది. నేను దాతలకు రిపోర్టు రాసుకుంటున్నాను. ఇంగ్లీషు బాగుందని వాళ్లు మెచ్చుకున్నారు కూడా.

అప్పటికి ఊళ్లోకి గ్యాసు పొయ్యిలు వచ్చేశాయి. ఎవరింట్లో వండుతున్నారో, ఎవరింట్లో లేదో కప్పు చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. మా మేనత్తది మాత్రం కట్టెల పొయ్యే. రోజూ బడికి పోతూ ఆ ఇంటి ముందు నుంచే స్కూటరు మీద పోయేవాణ్ని. ఒక వారమంతా ఆ కప్పు మీద పొగ కనిపించలేదు. గ్యాసు తీసుకుందేమో అనుకున్నాను. ఆమెకు గ్యాసు ఎక్కడి నుంచి వస్తుంది? తెలిసే అలా అనుకున్నాను. చివరికి ఒక సాయంత్రం మనసు ఆగక వెళ్లాను. వాకిట్లోకి పోబోతుంటే లోపల పంక్చరాయన భార్య గొంతు వినిపించింది. "అవ్వా, మా ఇంట్ల బియ్యం మస్తు పురుగు వడ్తున్నయ్. పారేస్తే గునా అయితది. జర నువ్వన్న వండుకో." మా మేనత్త నవ్వింది. "తేవే. నీకు సాయం జెయ్యకుంటే ఎట్ల?" అంది. నేను గడప తొక్కకుండా వెనక్కి తిరిగాను. అంత పెరిగిన సంఘం, గోడ మీద నీలం వాక్యం, నా లిస్టు, అన్నీ ఉండగా మా మేనత్తకు ఎలా పెట్టాలో తెలిసింది ఆ పక్కింటామె ఒక్కతికే.

ఆ తర్వాత వచ్చిన వానాకాలంలో నాలుగు రోజుల జ్వరంతో మా మేనత్త పోయింది. డప్పు తాత చెప్పినట్టు మోయడానికి నలుగురం మాత్రం దొరికాం. మర్నాడు గది సర్దుతుంటే పొయ్యి పక్కన కుండ కనిపించింది. మూత తీశాను. నిండుగా బియ్యం. పక్కింటామె ఇచ్చిన దాంట్లోంచి కూడా పూటకో పిడికెడు తీసి పెట్టింది. ఎక్కడికి తేవాలో తెలియక అక్కడే ఉంచింది. నెలలు గడిచాయేమో, ఆ బియ్యం నిండా నిజంగానే పురుగులు. పక్కింటామె చూసి ఏడ్చింది. నాకు ఏడ్చే మొహం కూడా లేకపోయింది.

ఫొటో పంపిన కుర్ర పాస్టరుకు జవాబు రాశాను. ఆమె మా మేనత్త అనీ, ఆ సంచిలో బియ్యం ఆమె పోసినవేననీ, లిస్టులో ఆ పేరు రాసినవాణ్ని నేనేననీ రాశాను. సాయంత్రానికి బదులొచ్చింది. "థాంక్యూ అంకుల్. అంత రాయడానికి స్థలం లేదు. 'సహాయం అందుకుంటున్న సహోదరి' అని వేస్తున్నాం." నా వాక్యానికి అతను నిజమైన వారసుడు, అతన్ని ఏమనను? క్షమించు అత్తా అని చెప్పడానికి ఆ రోజు బిర్యానీ దగ్గరే మాట నోటిదాకా వచ్చింది. సమయం చూసి చెబుదామని దాచాను. చూస్తూ చూస్తూ ఇరవై ఏళ్లు గడిచాయి. దాచిన మాటకు పురుగు పట్టింది, ఇప్పుడు ఇద్దామన్నా తీసుకునే గడప లేదు.