సమీక్షకు రెండు ప్రతులు

పిడుగురాళ్లలో లారీలకు రంగులేసే మౌలాలీ, సున్నపు బట్టీల కూలీల మీద ఒక బొమ్మల కథ గీసి 1986లో సొంత ఖర్చుతో పుస్తకం వేశాడు. పట్టించుకునే దిక్కులేని చోట అదో పిచ్చి. ప్రెస్సులో కటింగ్ మెషిన్ లేక, అచ్చేసిన పెద్ద కాగితాల్ని మడతలు మడతలుగానే కుట్టి ఇచ్చారు. తనూ భార్య జరీనా ఇంట్లోనే కూర్చుని, బ్లేడుతో కాగితాల మడతలు కోశారు. కోస్తేగాని లోపలి బొమ్మలు కనపడవు.

నరసరావుపేటలో ఒక వారపత్రికకు సమీక్ష కోసం రెండు ప్రతులు పంపాక, వాటిని కొయ్యలేదని గుర్తొచ్చింది.

"సమీక్ష రాసే సారుకి కోపమొచ్చిద్దేమోనే!" అని జరీనాతో వాపోయాడు.

కోపం కాదు, పత్రికలో పొగడ్త వచ్చింది. ప్రతి బొమ్మా సజీవమట, ముగింపు కంటతడి పెట్టించిందట. పాపం, సారే ఓపిగ్గా కోసుకుని చదివాడనుకుని మౌలాలీ పొంగిపోయాడు. సలాం చేసి వద్దామని బస్సెక్కాడు.

సమీక్షకుడి బల్ల మీద రెండు పుస్తకాలూ ఉన్నాయి. ఒక్క మడతా తెగలేదు.

"చూశావా, ఎట్టా రాశానో! ఇంకోటి గియ్యవయ్యా, దాన్నీ ఇట్టాగే మెచ్చుకుంటా," అన్నాడా పెద్దమనిషి.

మౌలాలీ పుస్తకాలు రెండూ తీసి సంచిలో పెట్టుకున్నాడు.

"చదివి తిట్టినా బాగుండేది సారూ."