ఈరోజు వల వేయలేదు

పోయిన సోమవారం పొద్దున ఆరింటికి పెద్దమ్మ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆ వేళకు ఆ నంబరు నుంచి ఫోన్ రావడం కొత్త కాదు. ఎత్తితే ఆమె కోడలి గొంతు వినిపించింది.

"అత్త పోయింది చెల్లె. నిద్రలనే పోయింది. ఇయ్యాల వల వెయ్యరు. గదే రాయి."

నేను ఏదో అనేలోపే పెట్టేసింది. చెప్పాల్సిన ఇళ్లు ఇంకా చాలా ఉండి ఉంటాయి.

పెద్దమ్మ నాకు బంధువు కాదు. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు పై అంతస్తులో వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న ఆఫీసులో పని చేస్తాను. మా సార్, బొమ్మలూ రంగులూ చూసే ఒకతను, నేను, అంతే. రాత పని నాది. ఆమె మా దగ్గరికి వచ్చిన కస్టమర్. పెద్ద చెరువు చేపలు అమ్మే ఆరుగురు ఆడవాళ్లకు పెద్ద. ఊళ్లో అందరూ పెద్దమ్మ అనేవారు కాబట్టి నేనూ అలాగే పిలిచాను.

సాగర్ రోడ్డు పక్కన ఏళ్లుగా గంపలు పెట్టుకుని కూర్చున్న ఆ ఆరుగురికి, రోడ్డు వెడల్పయ్యాక చోటు లేకుండా పోయింది. బండి ఆపి కొనే తుర్కయాంజాల్ అపార్ట్‌మెంట్ల వాళ్లు వేరే చోట కొనుక్కోవడం మొదలుపెట్టారు. "మేం యాడ గూసున్నమో వాళ్లకు ఎర్కైతలేదు సారూ. ఫోన్ల సూశి తెల్సుకునేటట్టు జేయిర్రి. వాళ్లు జారిపోతే మా ఆరిండ్లు గంప బోర్లేసుకునుడే," అంది మొదటి రోజు.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. కస్టమర్ రాగానే ఇరవై ప్రశ్నల కాగితం ఇస్తాం. వాళ్లు నింపి ఇస్తే దాన్నిబట్టి పేజీలు గీసుకుంటాం, నమూనా చూపిస్తాం, సరేనంటే తెరుస్తాం. మనుషులతో మాట్లాడటం కష్టంగా ఉండే నాకు ఆ కాగితం చాలా నచ్చేది. పెద్దమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి నా చేతికే ఇచ్చింది.

"నాకు సదువు రాదు బిడ్డా. నువ్వడుగు, నేను జెప్త."

అడగక తప్పలేదు. 'మీకు నచ్చిన మూడు వెబ్‌సైట్లు' అన్న ప్రశ్న దగ్గర ఆమె నవ్వింది. "నచ్చిన చేపలు మూడు జెప్పమంటే జెప్తగని, గవి నాకేం ఎర్క?"

చెరువు దగ్గరికి వచ్చి చూడమని పిలిచింది. సరేనన్నాను కానీ వెళ్లలేదు. కొత్త మనుషుల మధ్యకు వెళ్లాలంటే నాకు కాళ్లు రావు. ఇంటర్నెట్‌లో దొరికిన, వెండిలా మెరిసే చేప ఫొటో పెట్టి, నా కుర్చీలో కూర్చునే అంతా రాసేశాను. నమూనా చూపించిన రోజు పెద్దమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మంచిగనే ఉన్నది. గని గిది సముద్రం చేప బిడ్డా. మా చెరువుకు ఏ బస్సెక్కొచ్చింది?"

సార్ గట్టిగా నవ్వాడు. నేను తల ఎత్తలేదు. ఆమె తిట్టలేదు. "రేపు పొద్దుగాల్ల రా. మా చేపల మొకం సూడు," అంది.

మర్నాడు మా ఊరు మంచాల నుంచి మొదటి బస్సు ఎక్కి వెళ్లాను. రవ్వ, బొచ్చె, బంగారుతీగ, కొర్రమీను ఒక్కొక్కటీ చేతికిచ్చి పేరు చెప్పింది. ఫొటో తీస్తానంటే ముఖం పక్కకు తిప్పుకుంది. "నన్ను సూశి కొంటరా? చేపను సూశి కొంటరు." అందుకని ఆమె రెండు చేతులూ, వాటిలో ఒక రవ్వా మాత్రమే తీశాను. మణికట్టు మీద ఒక పొలుసు అంటుకుని ఉంది. ఆఫీసులో దాన్ని తీసేస్తామంటే ఆమె ఒప్పుకోలేదు. "పొలుసు లేనిది నా చెయ్యెట్లయితది?"

ఆ తర్వాత పేజీలన్నీ ఆమెకు చదివి వినిపించాను. అన్నీ కాదు. అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో 'ప్రతిరోజూ పెద్ద చెరువు తాజా చేపలు' అని ఉంది. ఇలాంటి సైట్లన్నిటిలో ఉండే మాట కదా అని పెట్టాను. చదివి వినిపించాల్సిన సంగతిలా అది నాకు తోచలేదు.

శనివారం సైట్ తెరిచాం. ఆదివారానికి ఏడు ఇళ్ల వాళ్లు చేపలు కావాలని రాశారు. ఆ ఆదివారం తెల్లవారుజామునే పెద్దమ్మ వాళ్ల వాడలో ఒక ముసలాయన చనిపోయాడు. ఆ వాడలో ఎవరు పోయినా, మూడో రోజు పోయినవాళ్ల పేరున ఆకులో అన్నం వడ్డించి పిట్టకు పెట్టేదాకా ఒక్కరూ చెరువులో వల వేయరు. పెద్దమ్మ ఆఫీసుకు వచ్చి చెప్పేదాకా అది నాకు తెలియదు. మా ఇరవై ప్రశ్నల్లో అలాంటి ప్రశ్న లేదు.

"పట్నం మార్కెట్ల దొర్కుతయ్. తెప్పిచ్చి పంపుర్రి పెద్దమ్మా. మొదటి దినమే లేవంటే మల్ల ఎవ్వలు రారు," అన్నాడు సార్. ఆయన అన్నదాంట్లో తప్పేమీ కనబడలేదు నాకు.

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "చేపలున్నయని యాడ రాసినవ్? సదువు."

చదివాను.

"ప్రతిరోజని నేను జెప్పిన్నా?"

"లేదు పెద్దమ్మా."

"మరి నడువు. పోయి లేవని జెప్పొద్దాం."

ఫోన్ చేస్తే సరిపోతుందని సార్ అన్నా వినలేదు. ఖాళీ గంప తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని తుర్కయాంజాల్ షేర్ ఆటో ఎక్కింది. గంప ఎందుకంటే, "గంప లేకుంటే నన్నెవ్వలు గుర్తువడ్తరు?" అంది. మొదటి రెండు తలుపుల దగ్గర తనే చెప్పింది. మూడో దాని ముందు ఆగి గంట నన్ను నొక్కమంది.

"రాసింది నువ్వు. జెప్పేది గుడ నువ్వే."

ఎవరికైనా ఫోన్ చేయాలంటే చెప్పాల్సిన మాటల్ని మూడుసార్లు మనసులో అనుకుని చూసుకునేదాన్ని. అప్పుడు ఆ వ్యవధి లేదు. తలుపు తీసినావిడతో, "ఇవాళ చేపలు లేవండి. వాళ్ల వాడలో ఒకరు పోయారు, వల వేయలేదు. ప్రతిరోజూ అని నేను తప్పు రాశాను," అన్నాను. ఆవిడ నన్ను కాదు, నా వెనకాల గంపను చూసింది.

"రోడ్డు మీద కూర్చునే అమ్మవి కదూ? ఇన్నాళ్లూ ఎక్కడికెళ్లిపోయావ్?"

మళ్లీ ఎప్పుడని అడిగింది. పెద్దమ్మ బుధవారమని చెప్పింది. ఐదో ఇంట్లో ఆయన మాత్రం మాట పూర్తికాకముందే తలుపు వేసుకున్నాడు. మెట్లు దిగుతూ పెద్దమ్మ నా ముఖం చూసి, "ఫికర్ జేయకు. అబద్ధం ఇని వచ్చినోడు ఎప్పటికైనా పోయెటోడే," అంది. బుధవారం ఆ ఏడు ఇళ్లలో ఐదు ఇళ్లవాళ్లు చేపలు తీసుకున్నారు.

సైట్ పైన ఉన్న ఆ మాట తీసేశాను. దాని చోట 'ఈరోజు వల వేశాం' అనో 'ఈరోజు వల వేయలేదు' అనో కనిపించేలా, కింద కారణం రాసేలా మార్చాను. సార్‌కు నచ్చలేదు. "చేపలు లేవని మొకం మీదనే రాసుకునే దుకాణం యాడన్న ఉంటదా?"

"దుకాణం గాదు సారూ, చెరువు," అంది పెద్దమ్మ.

చదవనక్కర లేకుండా ఆమె ఫోన్లో రెండు బటన్లు పెట్టిచ్చాను, వల వేస్తే నొక్కడానికి పచ్చదొకటి, వేయకపోతే ఎర్రదొకటి. ఒక్క రోజులో నేర్చుకుంది. అయినా రోజూ ఆరింటికి ఫోన్ చేసేది. "ఒత్తిన. పడ్డదా సూడు." ఎప్పుడూ పడేది. ఎర్రది నొక్కిన రోజు కారణం చెప్పేది, నేను టైపు చేసేదాన్ని. గాలి జోరుగా ఉంది. వల చినిగింది. ఒకరోజు, "మా మనుమరాలి పెండ్లి. అందర్నీ రమ్మన్నమని రాయి," అంది. అందర్నీ ఎలా పిలుస్తామని అడిగితే, "రాయి, వచ్చెటోళ్లొస్తరు," అంది. తుర్కయాంజాల్ నుంచి రెండు కుటుంబాలు నిజంగానే వచ్చాయి.

ఇప్పుడు మా ప్రశ్నల కాగితంలో మొదటి ప్రశ్న 'మీరు పని చేయని రోజులు ఏవి?' ఆ కాగితాన్ని నేను ఎవరి చేతికీ ఇవ్వను. వాళ్లు పని చేసే చోటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని అడుగుతాను.

సోమవారం నేను చూసేసరికే ఎర్ర బటన్ కోడలు నొక్కేసింది. కారణం రాయడం నా వంతు. 'పెద్దమ్మ పోయింది. పిట్టకు పెట్టినంక వల వేస్తాం' అని రాసి బస్సెక్కాను.

బుధవారం పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి ఆకులో పెట్టాలి. ఆమెకు రవ్వ పులుసు ఇష్టం. కానీ మూడు రోజులుగా ఎవరూ వల వేయలేదు, వాడలో ఒక్క చేప లేదు. మార్కెట్లోంచి తెస్తానని ఎవరో లేచారు. కోడలు కూర్చోమంది. "బయటి చేప వెడ్తే అత్త ముడుతదా? ఉన్నది పెట్టుర్రి." అన్నం, పప్పు పెట్టారు. కాకి రావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

గురువారం ఆరింటికి మళ్లీ అదే నంబరు మోగింది.

"ఒత్తిన చెల్లె. పడ్డదా సూడు," అంది కోడలు.

చూశాను. పడింది. పచ్చ అక్షరాల పైన ఆ రెండు చేతులు రవ్వను పట్టుకుని ఉన్నాయి, మణికట్టు మీద పొలుసుతో.