రంగు కింద నా వెల్డింగ్

ఏళ్ల తరబడి ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. నీ పేరు నాకు తెలియదు, నా పేరు నీకు అక్కర్లేదు. అందుకే నీకు చెబుతున్నాను.

ముందు ఒకటి తెలుసుకో. నేను మంచి వెల్డర్ని. మా నాన్న కేజీఎఫ్ బంగారు గనుల్లో వెల్డర్. పగులు కనబడితే మూయకుండా ఇంటికి వచ్చేవాడు కాదు. ఆయన పనితనం నాకే వచ్చింది, అన్నకు కాదు. అది నాకు ఇప్పటికీ గర్వమే.

బెంగళూరులో తెరచాప పడవ నడిపే ఒకాయన తన పడవ స్తంభాన్ని కేజీఎఫ్‌లో నేనూ అన్నా నడిపే రిపేరు షాపుకు తెచ్చాడు. పొడవాటి అల్యూమినియం గొట్టం. తాళ్లను ఎడంగా పట్టి ఉంచే అడ్డకమ్మీల దగ్గర పగిలింది. పగులు ఇంకా పాకకుండా అన్న దాని రెండు కొసల్లో చిన్న రంధ్రాలు వేశాడు. లోపల ఇంకో గొట్టం దూర్చి రివెట్లు కొట్టాడు. "అల్యూమినియం మ్మా ఇది. వేడి తగిల్తే మెత్తబడిపోతాది, చల్లారినా మళ్లా బలం రాదు. పగులు అట్లే ఉండనీ, ఉత్త రంగు పూసెయ్" అని చెప్పి భోజనానికి వెళ్లాడు.

అట్లే ఉండనివ్వాలా? నేను మా నాన్న కూతుర్ని. నోరు తెరుచుకున్న పగులును రంగుతో కప్పి పంపడమా? గనుల్లో ఇనుముకు చెల్లిన పద్ధతి దీనికీ చెల్లుతుందనుకున్నాను. వెల్డింగ్ చేశాను. నిజం చెప్పనా? అంత సొగసైన పని నా చేతి మీద మళ్లీ జరగలేదు. అరగదీసి, రంగు పూశాను.

అన్న వచ్చి వేలితో తడిమాడు. "ఏం పెట్టినావ్ మ్మా, ఇంత నున్నగా ఉండాది?"

"పుట్టీ అన్నా."

"బలే చేసినావ్ పో."

కొన్ని వారాలకు స్తంభం సరిగ్గా అక్కడే మడత పడింది. పడవలో ఉన్నవాళ్లు నీళ్లలో పడి, ఎలాగో బయటపడ్డారు. వేడికి మెత్తబడ్డ చోటే అది అని చూడగానే నాకు తెలిసిపోయింది. పడవాయన మాత్రం, రంధ్రాలు పొడిచి బలం తీసేశావని అన్నను పదిమంది ముందు కడిగిపారేశాడు. అన్న తలవంచుకుని విన్నాడు. నిజమేననుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఎందుకు నోరు విప్పలేదు? భయమా? కాదు. నా వెల్డింగ్ తప్పని ఒక్కసారి ఒప్పుకుంటే నాన్న నుంచి నాకు వచ్చిందంతా ఉత్తదైపోతుందేమో, ఇంక అన్న ముందు నేను ఏ పాటిదాన్నని అనిపించింది. అంతే. పొగరు.

ఆ తర్వాత అన్న షాపు నాకు వదిలేశాడు. రోజూ ఇక్కడి మారికుప్పం స్టేషన్లో రైలెక్కి బెంగళూరులో గోడౌన్ పనికి పోతున్నాడు. పేరంతా నాకే వచ్చింది. ఆ పేరంటే నాకు ఇష్టమే, దాచను.

మొన్న ఆదివారం చర్చి అయ్యాక షాపుకు వచ్చాడు. అల్యూమినియం నిచ్చెన ఒకటి బాగుచేస్తున్నాను. రంధ్రం వెయ్యమని డ్రిల్ అందించాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నువ్వే వెయ్ మ్మా. నా చెయ్యి మంచిది కాదు."

ఆయన చెయ్యి మంచిదే. ఆ మాట అప్పుడూ అనలేదు. చెబితే క్షమిస్తాడో లేదో తెలియదు. ఇవాళ నీకు చెప్పగలిగాను, కాస్త తేలికగా ఉంది. అన్న చేతులు మాత్రం ఇంకా వెనక్కే ఉన్నాయి.