వెండి పతకం వచ్చిన నాడు మా డ్రిల్లు మాస్టరు

చిత్తూరు హైస్కూల్లో నాతోపాటు పనిచేసిన డ్రిల్లు మాస్టరుకు, ఎవరు గెలిచినా పెదవి విరవడమే పని. నలభై ఎనిమిదిలో, అప్పుడే స్వతంత్రం వచ్చిన సిలోన్, అంటే ఇప్పటి శ్రీలంక, తొలిసారి ఒలింపిక్స్‌కు వెళ్లిందని పేపర్లో చదివి పకపకా నవ్వాడు.

"గోలీకాయంత దేశం! ఆడ పరిగెత్తితే సముద్రంలో పడతారబ్బా."

కొన్నాళ్లకు ఆ దేశపు ఆటగాడొకడు కంచెలు దూకే పరుగులో వెండి పతకం గెలిచాడు. సిలోన్ టీ తోటల్లో పదేళ్లు కూలి చేసి వచ్చిన మా బంట్రోతు కళ్లు తుడుచుకుంటూ అందరికీ బెల్లం పంచాడు. మాస్టరు తన ముక్క నోట్లో వేసుకున్నాడు.

"కంచె దూకేది గూడా ఒక ఆటేనా? మేకలు దూకవా?"

"అట్లయితే మన బడి కంచె ఒకతూరి దూకి సూపించు సామీ," అన్నాడు బంట్రోతు.

అయ్యవార్లందరం మాస్టరు వైపు తిరిగాం. ఆయన బెల్టు పొట్టమీదికి లాక్కుని, చేయి చాపి, ఇంకో బెల్లంముక్క తీసుకున్నాడు.