నా వీపు మీద ముడి

దయ్యాల మాటెత్తితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. మా వీధిలో ఎవరికైనా పూనకం వస్తే అందరూ పసుపునీళ్లు తెస్తారు, నేను ఉప్పు వేసిన నిమ్మరసం తీసుకుపోతాను. అంత మొండిదాన్ని. ఇది రాస్తున్నది ఎవరినో భయపెట్టడానికి కాదు. కడుపుమంట ఆగక రాస్తున్నాను.

మాది జమ్మలమడుగు దగ్గర నేతగాళ్ల వీధి. ఇంట్లో ముందు గదిలో మేముంటాం, వెనక గదిలో గుంత మగ్గం ఉంటుంది. మా ఎండలకు గాలిలో తేమ లేక పడుగు పోగులు పుటుక్కున తెగుతాయి. అందుకని మగ్గం గది మట్టినేల మీద పూటకోసారి నీళ్లు చల్లుతారు, కిటికీకి తడిపిన గోనెపట్టా కడతారు. బయట నిప్పులు చెరుగుతున్నా ఆ గదిలో కాలు పెడితే జివ్వుమంటుంది. పురిటి రోజుల్లో మా ఇంట్లో నేత ఆపేస్తారు గానీ, ఎక్కించిన పడుగు పాడవుతుందని నీళ్లు చల్లడం మాత్రం ఆపరు.

నా మొదటి బిడ్డ మగపిల్లవాడు. మే నెలలో, నెల ముందే పుట్టాడు. రెండు కేజీలు కూడా లేడు. మా అమ్మ లేదు కాబట్టి పురుడు అత్తగారింట్లోనే.

ఇంటికి పంపే ముందు ఆస్పత్రిలో నర్సమ్మ నన్నూ మా అత్తనూ కూర్చోబెట్టి చూపించింది. బిడ్డకు టోపీ పెట్టి, ఒంటి మీద బట్టల్లేకుండా నా రొమ్ముల నడుమ నిలువుగా ఆనించింది. కాళ్లు కప్పలా మడిచి, తల ఒక పక్కకు తిప్పి, మెత్తటి గుడ్డతో ఇద్దరినీ కలిపి కట్టింది. ఇంత చిన్న బిడ్డకు ఒంట్లో కొవ్వుండదు, తన వేడిని తాను నిలుపుకోలేడు, బరువు పెరిగేదాకా నీళ్లు పోయొద్దు అంది. పాలు మానినా, పాదాలు చల్లబడినా వెంటనే తీసుకురమ్మంది.

ఆస్పత్రి గేటు దాటగానే మా అత్త నవ్వింది. “ఈ ఎండకు మనమే మాడిపోతాంటే బిడ్డకు సలేందిమ్మే? కోతి పిల్లను కరుసుకున్నట్ల కట్టుకుంటే ఊపిరాడక సస్తాడు” అంది.

ఇంటికి రాగానే బిడ్డకు తలకు నీళ్లు పోసింది. చెమట పొక్కులు వస్తాయని మగ్గం గదిలో చాప మీద పడుకోబెట్టి ఎదురుగా కూలర్ పెట్టించింది. ప్రేమతోనే చేసింది, కాదనను. మాకందరికీ ఎండే శత్రువు. చలి అనేది ఒకటుందనీ, అది మేలో కూడా మనిషిని తీసుకుపోతుందనీ మా వీధిలో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. నర్సమ్మ చెప్పింది నా చెవులతో విన్నాను. అయినా బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను.

మూడో రోజుకు వాడు ఏడవడం మానేశాడు. “బంగారు బిడ్డప్పా, గొంతే ఎత్తడు” అని వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఏడవడానికి సత్తువ లేదని ఒక్కరికీ తట్టలేదు! పాదాలు పట్టుకుంటే చల్లగా తగిలాయి. చెప్పాను, ఒకే ఒక్కసారి. “ఈ గదిలో నీ కాళ్లు మాత్రం సల్లగుండవా?” అంది మా అత్త. నేను మళ్లీ నోరెత్తలేదు. మర్నాడు పొద్దున్నే పోయాడు. బాలగ్రహం పట్టిందన్నారు. వాడికి పేరు లేదు, ఫోటో లేదు.

మరుసటి ఏడు మా అత్త గుండె ఆగి పోయింది.

ఆ తర్వాత ఏడాదికి, మళ్లీ మేలోనే, ఆడపిల్ల పుట్టింది. ఇదీ ముందే వచ్చింది, ఇదీ చిన్నదే. ఈసారి కాన్పు వేరే ఆస్పత్రిలో, అక్కడ ఆ కట్టు ఎవరూ చూపించలేదు. నేనే కట్టుకోబోతే మొదటివాడు గుర్తొచ్చి వదిలేశాను. రెండు మడతల గుడ్డ చుట్టి, టోపీ పెట్టి నా పక్కనే పడుకోబెట్టుకున్నాను. మగ్గం గది వైపు తీసుకుపోతే ఊరుకోనని ఇంట్లో అందరికీ చెప్పాను.

ఐదో రోజు మధ్యాహ్నం నాకు ఒళ్లు తెలియని జ్వరం వచ్చింది. మా ఆయన మందులకు పోయాడు. సాయానికి వచ్చిన మా వదిన, అంటే ఆయన అక్క, బిడ్డకు చెమట పడుతోందని నీళ్లు పోసి, మగ్గం గదిలో కూలర్ ముందు పడుకోబెట్టింది. పిల్లులు దూరకుండా ఆ గదికి బయట గొళ్లెం పెట్టి, వీధి తలుపుకు తాళం వేసుకుని, తాగేనీళ్ల క్యానుకు పోయింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

గుండె మీద బరువుగా ఉంటే కళ్లు తెరిచాను. బిడ్డ నా రొమ్ముల నడుమ నిలువుగా ఉంది. నెత్తిన టోపీ, కాళ్లు మడిచి, తల ఎడమకు తిప్పి ఉంది. నా పాత నూలు చీరతో ఇద్దరినీ కలిపి బిగించి కట్టి ఉంది. దాని జుట్టు ఇంకా తడిగా, వీపు చల్లగా ఉంది. నా ఒంటికి ఆనిన పొట్ట మాత్రం వెచ్చబడింది.

ముడి కోసం వెతికాను. అది నా వీపు మీద, రెండు భుజాల నడుమ ఉంది. చెయ్యి అందలేదు.

అప్పుడే వదిన వీధి తలుపు తాళం తీసి లోపలికి వచ్చింది. నేరుగా మగ్గం గదికి పోయి, గొళ్లెం తీసి, “అయ్యో, బిడ్డ యాడమ్మే!” అని అరిచింది. నా దగ్గరికి వచ్చి చూసి, ఎవరు కట్టినారని అడిగింది. ఆ ముడిని పళ్లతో లాగి విప్పాల్సి వచ్చింది. ఆస్పత్రికి పరుగెత్తాం. ఇంకాసేపు ఆ గదిలోనే ఉండుంటే దక్కేది కాదన్నారు. ఇప్పుడది అంగన్‌వాడీకి పోతోంది.

మా ఆయన ఆ రోజే తేల్చేశాడు. “మా యమ్మే వచ్చినాది. ఆ కట్టు ఈ ఇంట్లో నీకూ ఆమెకూ తప్ప ఇంకెవురికి తెలుసు?” అన్నాడు. వీధంతా చెప్పాడు. అత్త ఫోటోకు రోజూ పూలదండ పడుతోంది. మనవరాలిని కాపాడుకున్న తల్లి అని ఆడవాళ్లు వచ్చి దండం పెట్టుకుంటున్నారు. మనవడి ఊసు ఒక్కరూ ఎత్తరు! కాపాడేదే అయితే ఊపిరితో ఉన్నప్పుడు ఆ చేతులేమయ్యాయి?

జ్వరంలో నేనే లేచానేమో అని కూడా ఆలోచించాను. గొళ్లెం తీసి, మళ్లీ పెట్టి ఉండొచ్చు. ముడి ముందు వేసుకుని వెనక్కి తిప్పుకున్నానేమో అని తర్వాత బిడ్డను కట్టుకుని చూశాను. ఎంత లాగినా తిరగలేదు.

వచ్చింది మా అత్తే అయితే ఆమెను నేను క్షమించాలి. నేనే అయితే, ఒళ్లు తెలియని జ్వరంలో చేయగలిగిన పని, ఒళ్లు తెలిసుండి మొదటివాడికి ఎందుకు చేయలేదో నాకు నేను చెప్పుకోవాలి. ఏది జరిగిందో ఇప్పటికీ తెలియదు. ఆ రెండూ నాకు చేతకావు.