ఖాళీ అని ఎవరు చెప్పారు?

మీ ఇంట్లో పిస్తోలు ఉందా? ఉంటే, అది ఖాళీగా ఉందని మీకు ఎవరు చెప్పారు? ఇంట్లోవాళ్లా? అమ్మిన షాపువాడా? మీ జ్ఞాపకమా? ఈ ముగ్గురిలో ఎవరి మాట మీద మీ పిల్లల ప్రాణం పెట్టారు?

1982వ సంవత్సరం, అరిజోనాలోని చాండ్లర్. అప్పటికింకా ఊరి చుట్టూ పత్తి చేలుండేవి. కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీల కోసం, కొత్త ఇళ్ల కోసం ఒక్కొక్క చేనూ చదునవుతోంది. నేను మెకానికల్ ఇంజనీరుని. ఉన్న ఉద్యోగం ఊడి, వాల్ట్ అనే ముసలాయన తుపాకుల షాపులో కౌంటరు వెనక చేరాను. ఆరు నెలలు చాలనుకున్నాను. తొమ్మిదేళ్లున్నాను.

వాల్ట్ నాకు మొదటి రోజు నేర్పింది ఒకటే నియమం. కౌంటరు మీద చేతులు మారే ప్రతి తుపాకీనీ ఇచ్చేవాడు తెరిచి చూడాలి, పుచ్చుకున్నవాడు మళ్లీ తెరిచి చూడాలి. "ఇప్పుడే మీరు చూశారు కదా" అన్నాను నేను. "చూశాను. నా కళ్లు నీ తలకాయలో లేవు" అన్నాడాయన. ఎన్నో ఏళ్లు హేతువాద సభల్లో ప్రమాణాల గురించి వాదించినవాణ్ణి. ప్రత్యక్ష ప్రమాణానికి ఇంత సూటి నిర్వచనం అంతకు ముందు వినలేదు.

శనివారం మధ్యాహ్నాలు మా షాపుకి తెలుగువాళ్లు వచ్చేవారు. ఎవరి పిస్తోలు వాళ్లు తెచ్చి, అద్దాల కౌంటరు మీద పరిచి, కార్లను పోల్చినట్టు పోల్చేవారు. అందరికంటే గట్టి గొంతు సివిల్ ఇంజనీరు సత్యం గారిది. ఆయనది పెద్ద ఫార్టీ ఫైవ్ పిస్తోలు.

"ఇది చేతిలో ఉంటే చాలు, ధైర్యం దానంతటదే వస్తుందయ్యా" అనేవాడు.

"పేల్చారా ఎప్పుడైనా?" అని నేనడిగితే, "అవసరం రాలేదు, అదే దీని గొప్ప" అని నవ్వేవాడు.

ఒక శనివారం ఆయన తన స్నేహితుడు ప్రకాశరావు గారినీ, ఆయన భార్య డాక్టర్ వసుంధర గారినీ తీసుకొచ్చాడు. ప్రకాశరావు చిప్‌ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆమెకు గంట ప్రయాణం దూరంలో, ఎడారి మధ్య చిన్న ఊళ్లో క్లినిక్ ఉంది. మత్తు మందుల కోసం రెండుసార్లు దాని తలుపు పగలగొట్టారు. రెండోసారి ఆమె లోపలే ఉంది. మందుల గదిలో గడియ పెట్టుకుని, పోలీసులొచ్చేదాకా నలభై నిమిషాలు నిలబడింది. పిస్తోలు ఆమెకు కావాలి. ఎంచుకుంటున్నది మాత్రం ఆయనా, సత్యం గారూ.

ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. సెమీ ఆటోమేటిక్ పిస్తోలులో తూటాలు మ్యాగజైన్ అనే చిన్న పెట్టెలో ఉంటాయి. దాన్ని పిడిలోకి దూరుస్తారు. పిస్తోలు పైభాగం పేరు స్లయిడ్. దాన్ని బలంగా వెనక్కి లాగి వదిలితే ఒక తూటా మ్యాగజైన్ నుంచి చాంబర్‌లోకి, అంటే పేలే గదిలోకి, ఎక్కుతుంది. ఆ తర్వాత మ్యాగజైన్ ఊడదీసినా ఆ ఒక్క తూటా అక్కడే ఉంటుంది. రివాల్వర్‌లో ఈ గొడవ లేదు. గుండ్రటి సిలిండర్‌ని పక్కకి తెరిస్తే గదులన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి.

సత్యం గారు ఒక పెద్ద నైన్ మిల్లీమీటర్ పిస్తోలు ఖాయం చేశాడు. ప్రకాశరావు గారు అదే మోడల్‌వి ఇంకా ఉంటే చూపించమన్నాడు. నాలుగు పెట్టెలు తెచ్చాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, ఒక్కొక్కదాని సీరియల్ నంబరూ కాగితం మీద రాసి అంకెలు కూడటం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నాడతను?" అని వాల్ట్ గొణిగాడు.

"కూడుతున్నాడు."

"బిల్లా?"

"కాదు. అదృష్టం."

మూడో పెట్టె దగ్గర ప్రకాశరావు గారి మొహం వెలిగింది. "అయిదు! వసూ, నీ నంబరు!"

పిస్తోలు నేను తెరిచి చూసి ఆమెకిచ్చాను. నియమం ప్రకారం ఆమె కూడా తెరవాలి. స్లయిడ్ పట్టుకుని లాగింది, అంగుళం కూడా కదల్లేదు. చెయ్యి మార్చింది. వేళ్లు ఎర్రబడ్డాయి.

"కొత్తది కదండీ, వాడగా వాడగా లూజవుతుంది" అన్నాడు సత్యం గారు.

అది అబద్ధమని నాకు తెలుసు. స్లయిడ్‌ని బిగించి ఉంచే స్ప్రింగు ఆమె చేతికోసం మెత్తబడదు. ఆమె నావైపు చూసింది. నేను చెప్పాల్సిన క్షణం అదే. గుంటూరులో చదువుకునేటప్పుడు గ్రహణం పట్టిన వేళ నడిబజారులో అరిటాకు వేసుకుని భోజనం చేసి, చుట్టూ మూగినవాళ్లందరితో వాదించినవాణ్ణి నేను. అలాంటివాణ్ణి ఆ రోజు నోరు మూసుకున్నాను. మనవాళ్లు, నలుగురి ముందు, ఎందుకు చిన్నబుచ్చడం అనుకున్నాను. ఆమె బదులు నేనే స్లయిడ్ లాగి చూపించాను. ఫారాలు నింపారు, తీసుకెళ్లారు.

దసరాకి ప్రకాశరావు గారింట్లో ఆయుధ పూజకి పిలిచారు. పూజ మాట ఎలా ఉన్నా పులిహోర మీద నాకు విరోధం లేదు, వెళ్లాను. హాల్లో అమ్మవారి పటం ముందు తెల్లగుడ్డ పరిచి, మీద స్క్రూడ్రైవర్లు, కారు తాళాలు, కాలిక్యులేటర్, వసుంధర గారి స్టెతస్కోపు వరసగా పెట్టారు. మధ్యలో నైన్ మిల్లీమీటర్. నుదుట బొట్టు పెట్టినట్టు స్లయిడ్ మీద గంధం, కుంకుమ. దాని గొట్టం ఎటు తిరిగి ఉందో చూశాను. ఎదురుగా పట్టుపరికిణీల్లో, కుర్తాల్లో ఆరేడుగురు పిల్లలు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ముందు వరసలో వాళ్ల నాలుగేళ్ల పాప చెయ్యి చాచి కుంకుమ అద్దుకుంటోంది.

"ప్రకాశరావు గారూ, అది ఖాళీయేనా?"

"భలేవాడివయ్యా మూర్తీ! పూజలో లోడెడ్ గన్ పెడతానా? మ్యాగజైన్ తీసేశాను, అదుగో." నిజమే, మ్యాగజైన్ పటం పక్కన పసుపు రాసుకుని బుద్ధిగా కూర్చుంది.

"చాంబర్ చూశారా?"

"అదేంటి, మ్యాగజైన్ తీసేస్తే అయిపోయినట్టేగా."

"ఇప్పుడు ముట్టుకోకూడదు, హారతి అయ్యాక చూద్దురు గానీ" అన్నాడు సత్యం గారు. "దేవుడి దగ్గర కూడా నీ వాదనలేనా?"

ఈసారి నోరు మూసుకోలేదు. చెయ్యి కూడా ఆగలేదు. పిల్లల ముందునుంచి ఒంగి దాన్ని తీసుకున్నాను. గొట్టం ఇటుకల ఫైర్‌ప్లేస్ వైపు తిప్పి స్లయిడ్ లాగాను. ఇత్తడి తూటా ఒకటి ఎగిరి కుంకుమ పళ్లెంలో పడింది.

హారతికి గంట పుచ్చుకున్న ప్రకాశరావు గారి చెయ్యి ఆగిపోయింది. వసుంధర గారు పాపను ఒడిలోకి లాక్కుంది. ప్రకాశరావు గారు గంట కింద పెట్టేశాడు. "మొన్న సత్యం చెప్తే రెడీగా ఉంటుందని స్లయిడ్ లాగి పెట్టాను. మర్చిపోయాను." సత్యం గారు తన చెప్పులు వెతుక్కుంటున్నాడు.

ఆమె మాత్రం నా దగ్గరికి వచ్చింది. "మూర్తి గారూ, ఇదివ్వండి." పిల్లలు లేని వైపు తిప్పి లాగడానికి ప్రయత్నించింది. కదల్లేదు. "అంటే ఇన్నాళ్లూ ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఇది లోడై ఉందో లేదో చూసే దారే నాకు లేదు. క్లినిక్‌లోకి ఎవడన్నా వచ్చినా ఇది నాకు పనికిరాదు. అవునా?"

"అవునమ్మా."

"షాపులోనే మీకు తెలుసు."

"తెలుసు."

"నేను పేషెంటుకి పడని మందు రాసి, వాళ్లాయన ముచ్చటపడ్డాడని ఊరుకుంటే మీరేమంటారు?"

కుంకుమ పళ్లెంలోంచి తూటా తీసి ఆమె చేతిలో పెట్టాను.

తరవాతి శనివారం ఆమె షాపు తెరిచేసరికే వచ్చింది. భర్త పిస్తోలు పెట్టె పట్టుకుని ఆమె వెనకే వచ్చాడు. "ఇవాళ ఎంచుకునేది నేను. మీ ముగ్గురూ అడిగినదానికి జవాబు చెప్పండి చాలు" అంది, వాల్ట్‌ని కూడా కలిపి. అయిదు తుపాకులు వరసగా పెట్టించుకుంది. ప్రతిదానికీ అవే పరీక్షలు. నా చేతికి తెరుచుకుంటుందా? లోపల ఏముందో నా కంటికి కనిపిస్తుందా? పిడి చుట్టూ వేళ్లు అందుతాయా? పదిసార్లు వరసగా ట్రిగ్గర్ నొక్కగలనా? ఆ తర్వాత వెనక ఉన్న కాల్పుల రేంజ్‌లో, వాటిలో నెగ్గిన రెండింటితో గంటసేపు కాగితాలకి చిల్లులు పొడిచింది. చివరికి నాలుగంగుళాల గొట్టమున్న మామూలు రివాల్వర్, తాళం పడే ఇనప పెట్టె తీసుకుంది. అయిదు వచ్చిన పిస్తోలు వెనక్కిచ్చేసింది.

ప్రకాశరావు గారి కళ్లు సీరియల్ నంబరు మీదకి పోయాయి.

"ఎంతొచ్చిందండీ?" అంది ఆమె.

"ఎనిమిది" అన్నాడాయన, నీళ్లు నములుతూ. "శనిది."

"మంచిది. శనివారమే కొంటున్నాం."

వాల్ట్‌కి తర్జుమా చేసి చెప్పాను. ఆయన రివాల్వర్ తెరిచి చూసి ఆమెకిచ్చాడు. ఆమె మళ్లీ తెరిచింది. ఆరు గదుల్లోనూ వేలు పెట్టి చూసి భర్తకిచ్చింది. "చూశావు కదా" అనబోయి ఆగి, ఆయన కూడా తెరిచి చూశాడు.

ఆ కుటుంబానికి కీడు జరగలేదు. దానికి కారణం సీరియల్ నంబరూ కాదు, కుంకుమా కాదు, నా తెలివీ కాదు. ఆ పూట ట్రిగ్గర్‌కి ఎవరి వేలూ తగల్లేదు, అంతే. ఆ అంతేని దైవకృప అనేవాళ్లున్నారు. అననివ్వండి. దాని మీద ఆధారపడి మాత్రం ఉండకండి. ప్రకాశరావు గారు నంబరును నమ్మాడు. సత్యం గారు సైజును నమ్మాడు. నేను మర్యాదను నమ్మాను. ముగ్గురిలో ఎక్కువ తప్పు నాదే, ఎందుకంటే తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలిసి చెప్పకపోవడం కూడా మూఢనమ్మకమే. నలుగురిలో నిజం చెబితే ఏదో కూలిపోతుందన్న నమ్మకం అది.

మీ ఇంట్లో పిస్తోలు లేకపోతే ఈ సంగతి ఉన్నవాళ్లకి చెప్పండి. ఉంటే, ఈ పేజీ పక్కన పెట్టి ఇప్పుడే లేవండి. పిల్లల్ని ఇంకో గదిలోకి పంపండి. ట్రిగ్గర్ మీద వేలు పెట్టకుండా దాన్ని తీసి, గొట్టం మనుషులు లేని వైపు తిప్పండి. మ్యాగజైన్ తీయండి, స్లయిడ్ వెనక్కి లాగండి, చాంబర్‌లోకి కంటితో చూడండి, వేలితో తడమండి. తర్వాత మీ ఇంటావిడ చేతికిచ్చి, ఆమెనూ చూడమనండి. ఆమె తెరవలేకపోతే రేపే దాన్ని వెనక్కిచ్చేయండి.

వెళ్లండి. చూడండి.